గోడలు బరువు మోయని ఇల్లు: ఇంగ్లండ్ పాత కలప ఇళ్లు ఎలా నిలిచాయి?

ఇంగ్లండ్ దక్షిణ తీరానికి దగ్గరగా, ఈస్ట్ ససెక్స్‌లో కక్‌మియర్ నది పక్కన ఆల్‌ఫ్రిస్టన్ అనే ఊరుంది. ఆ ఊరి చర్చి పక్కనే గడ్డి కప్పు వేసిన పాత ఇల్లొకటి కనిపిస్తుంది. పేరు క్లెర్జీ హౌస్. వయసు ఆరు వందల ఏళ్ల పైమాటే. 1896లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దీన్ని 10 పౌండ్లకు కొన్నది. అంతకుముందు ఏడాదే పుట్టిన ఆ సంస్థ కొన్న మొట్టమొదటి కట్టడం ఇదే. అప్పటికి ఇల్లు కూలడానికి సిద్ధంగా ఉంది. పడగొట్టేద్దామన్న ఆలోచన కూడా జరిగింది. కొన్నాక మరమ్మతు చేశారు, ఈ రోజుకీ చెక్కుచెదరకుండా ఉంది.

ఇంత పాత ఇల్లు ఎలా నిలిచిందంటే ఎక్కువ మంది చెప్పే జవాబు ఒకటే: ఓక్ కలప కదా, గట్టిది అని. అది సగం నిజమే. ఓక్ అయినా ఎప్పుడూ తడిలో ఉంటే కుళ్లుతుంది, పురుగు పడితే గుల్లబారుతుంది. వందల ఏళ్ల ఇంట్లో ఏదో ఒక దుంగ పాడవక తప్పదు. అలా పాడైనా ఇల్లు పడిపోకపోవడానికి అసలు కారణం దాన్ని కట్టిన తీరు. విడివిడి భాగాలను చెక్కి, ఒకదానికొకటి బిగించి నిలబెట్టారు. చెడిన ముక్క తీసి మంచి ముక్క పెట్టొచ్చు. అవసరమైతే ఇల్లంతా విప్పి ఇంకో చోట నిలబెట్టొచ్చు. ఈ సంగతి మర్చిపోయి, వాటిని ఇటుక ఇళ్లలా చూడటం మొదలుపెట్టాకే వాటికి ఎక్కువ నష్టం జరిగింది.

చట్రం

ఇటుక ఇంట్లో కప్పు బరువును గోడ మోస్తుంది. కలప చట్రం ఇంట్లో గోడకు ఆ పని లేదు. ముందు నేల మీద రాతితో మోకాలెత్తు పునాది గోడ కడతారు. దాని మీద పొడవాటి ఓక్ దుంగను పడుకోబెడతారు. ఇది అడుగు దూలం. నేల తేమ కలపకు ఎక్కకుండా చూడటమే ఆ రాతి వరస పని. అడుగు దూలం మీద స్తంభాలు నిలబడతాయి. స్తంభాల నెత్తిన ఇంటి పొడవునా గోడ దూలం సాగుతుంది. ఈ పక్క గోడను ఆ పక్క గోడతో కలిపి పట్టుకునేది అడ్డదూలం. వాసాల తోపుడుకు గోడలు బయటికి విచ్చుకోకుండా ఆపేది ఇదే. చట్రం పక్కకు ఒరగకుండా మూలల్లో వంపు తిరిగిన ఊతకర్రలు ఉంటాయి. ఆ వంపు రంపంతో కోసింది కాదు. అడవిలో ఆ వంపుతోనే పెరిగిన చెట్టును వెతికి తెచ్చి వాడేవాళ్లు.

ఈ ఇళ్లకు మహావృక్షాలు కావాలనుకుంటారు గానీ, లెక్క అలా లేదు. సఫోక్‌లోని స్టాంటన్ అనే ఊళ్లో గ్రండిల్ హౌస్ అనే పాత రైతు ఇంటి కలపను ఆలివర్ రాక్‌హామ్ అనే వృక్ష చరిత్రకారుడు లెక్కగట్టాడు. సుమారు 330 చెట్లు పట్టాయని తేలింది. వాటిలో చాలావరకు సన్నవే. పెద్ద చెట్టును నిలువునా కోసి పలకలు తీయడం కంటే, దూలానికి సరిపడే లావున్న చెట్టును ఎంచుకుని నాలుగు పక్కలా చెక్కడం చవక. అందుకే పాత దూలాల అంచుల్లో ఇప్పటికీ బెరడు కింది గుండ్రదనం కనిపిస్తుంది. కొన్నిచోట్ల బెరడే మిగిలి ఉంటుంది. అలాంటి దూలం దొరికితే కాలనిర్ణయం చేసేవాళ్లకు పండగే. వార్షిక వలయాలను లెక్కపెట్టి, తెలిసిన వరసలతో పోల్చి, చెట్టును ఏ ఏడాది నరికారో చెప్పగలుగుతారు. చెట్టు నరికిన ఏడాదికి, ఇల్లు లేచిన ఏడాదికి పెద్ద తేడా ఉండదు. ఎందుకంటే వాళ్లు కలపను ఆరబెట్టి వాడలేదు, పచ్చిగానే చెక్కారు.

పచ్చి ఓక్ ఉలికి లొంగుతుంది. ఏళ్ల తరబడి ఆరిన ఓక్ ఉలి అంచునే విరిచేస్తుంది. పచ్చిది వాడితే ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, మెలి తిరుగుతుంది, పగుళ్లిస్తుంది. వడ్రంగులకు ఇది బాగా తెలుసు. తెలిసే, ఆ కుంచింపు వల్ల అతుకు సడలిపోకుండా ఒక ఉపాయం కనిపెట్టారు. ఒక దుంగ కొసను పలచగా చెక్కి, రెండో దుంగలో తొలిచిన గాడిలో దూరుస్తారు. రెండింటికీ ఆరపార బెజ్జం వేసి చెక్క చీల దిగ్గొడతారు. అయితే ఆ బెజ్జాలు సూటిగా ఒకదానికొకటి ఎదురుగా ఉండవు. లోపలి ముక్కకు వేసిన బెజ్జాన్ని కావాలనే కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరుపుతారు. కొస సన్నగా చెక్కిన చీల ఆ వంకర దారిలో దిగుతూ రెండు దుంగలనూ దగ్గరికి లాగి బిగిస్తుంది. తర్వాత కలప ఆరినా ఆ పట్టు వదలదు. చట్రంలో ఇనప మేకుల ఊసే లేదు. ఓక్‌లో ఉండే ఆమ్లం ఇనుమును తినేస్తుంది, ఇనుము చుట్టూ కలప కూడా నల్లబడి పాడవుతుంది.

ఈ ఇళ్లలో ఒక్క అతుకు మాత్రమే చూసే తీరిక ఉంటే స్తంభం నెత్తిన ఉండే అతుకు చూడాలి. అక్కడ మూడు దుంగలు కలుస్తాయి: స్తంభం, గోడ దూలం, అడ్డదూలం. మూడూ మూడు దిక్కులకు పోతాయి, ఒకే చోట మూడింటికీ పట్టు దొరకాలి. దీనికోసం స్తంభాన్ని చాలాచోట్ల తలకిందులుగా నిలబెట్టారు. అంటే చెట్టు మొదలు పైకి వస్తుంది. వేరు దగ్గర సహజంగా లావెక్కిన భాగం స్తంభం తలకాయ అవుతుంది. ఆ లావులో ముందు భాగం గోడ దూలాన్ని పట్టుకుంటుంది, వెనక కొంచెం ఎత్తుగా వదిలిన భాగం అడ్డదూలంలోకి దూరుతుంది. అడ్డదూలం అడుగున పావురం తోక ఆకారంలో చెక్కిన పట్టు గోడ దూలం మీద కూర్చుని దాన్ని బయటికి జరగనివ్వదు. మూడు ముక్కలూ ఒకదాన్నొకటి బంధించుకుంటాయి. పై నుంచి కప్పు బరువు పడేకొద్దీ అతుకు ఇంకా గట్టిపడుతుంది. ఇంగ్లండ్ వడ్రంగులు కొన్ని వందల ఏళ్ల పాటు ఈ అతుకును పెద్దగా మార్చకుండా వాడారు. మార్చాల్సిన అవసరం రాలేదు.

చట్రాన్ని చాలావరకు ఇల్లు లేచే చోట కాకుండా వడ్రంగి పని చేసుకునే ఆవరణలోనే తయారుచేసేవాళ్లు. ఒక్కో వరసను నేల మీద పరిచి, అతుకులు సరిచూసి, విప్పి, బళ్ల మీద ఊరికి తెచ్చి నిలబెట్టేవాళ్లు. చేత్తో చెక్కిన అతుకులు కాబట్టి ఏ గాడిలో ఏ కొస పడుతుందో కలగాపులగం కాకూడదు. అందుకే ప్రతి జతకూ రోమన్ అంకెల్లో గుర్తులు గీసేవాళ్లు. నాలుగును ఐదులోంచి ఒకటి తీసినట్టు కాకుండా నాలుగు గీతలుగా రాశారు. దుంగ తిరగబడితే నాలుగు ఆరుగా కనిపించే ప్రమాదం అలా తప్పింది. ఈ గీతలు ఇప్పటికీ చేతికి తగులుతాయి. దుంగకు మంచి ముఖం, వెనక ముఖం కూడా ఉంటాయి. చీలలు మంచి ముఖం వైపు నుంచే కొట్టేవాళ్లు. హాలులో ఆ ముఖం సాధారణంగా యజమాని కూర్చునే వైపుకు తిరిగి ఉంటుంది.

తడిక, మట్టి, వెల్ల

చట్రం గడుల మధ్య ఖాళీని నింపేదే గోడ. పై దూలం అడుగున వరసగా బెజ్జాలు, కింది దూలం మీద పొడవాటి గాడి ఉంటాయి. ఓక్ పుల్లల పై కొసలను బెజ్జాల్లో పెట్టి, కింది కొసలను గాడిలో జరుపుతూ నిలబెడతారు. వాటి మధ్య హేజెల్ అనే పొద బరికెలను అల్లుతారు. అలా తయారైన తడిక మీద రెండు పక్కల నుంచీ బంకమట్టి, పేడ, తరిగిన గడ్డి కలిపి తొక్కిన ముద్దను ఒకేసారి అదిమి మెత్తుతారు. ఆరాక సున్నం వెల్ల వేస్తారు. నింపుడు పడిపోయిన పాత ఇళ్లలో కూడా ఆ బెజ్జాలు, గాడి మిగిలే ఉంటాయి. ఎక్కడ గోడ ఉండేదో, ఎక్కడ కిటికీ ఉండేదో వాటిని చూసి చెప్పొచ్చు. కిటికీ ఉన్నచోట బెజ్జాలు నలుచదరంగా ఉంటాయి. అక్కడ గాజు ఉండేది కాదు, మూలలు ముందుకు తిప్పి నిలబెట్టిన చెక్క ఊచలు, లోపల చెక్క తలుపు ఉండేవి.

ఈ గోడ వాన నీటిని పూర్తిగా ఆపదు. కొంచెం పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. ఈ చిన్న విషయం మీదే తర్వాతి కథంతా ఆధారపడి ఉంది.

పొగ రాసిన చరిత్ర

ఆల్‌ఫ్రిస్టన్ ఇల్లు వీల్డెన్ రకం. కెంట్, ససెక్స్ ప్రాంతంలో ఈ రకం ఇళ్లు ఎక్కువ. మధ్యలో నేల నుంచి కప్పు దాకా అడ్డం లేని హాలు. దానికి రెండు పక్కలా రెండంతస్తుల గదులు. పక్క గదుల పై అంతస్తు వీధి వైపు కాస్త ముందుకు పొడుచుకొస్తుంది, హాలు గోడ మాత్రం వెనక్కి ఉంటుంది. కప్పు మొత్తం ఒకటే. దాంతో హాలు ముందు చూరు కింద గోడ లేని ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ మీదుగా సాగే గోడ దూలాన్ని రెండు పక్కల నుంచీ వంపు కర్రలు మోస్తాయి. దూరం నుంచి చూసినా వీల్డెన్ ఇంటిని గుర్తుపట్టించేది ఇదే.

హాలులో ఒక చివర ఎదురెదురుగా రెండు తలుపులు, వాటి మధ్య నడవ. నడవ అవతల తిండి సామాన్లకు, పానీయాలకు రెండు చిన్న గదులు. హాలు రెండో చివర యజమాని బల్ల, దాని వెనక అతని సొంత గది, ఆ పైన పడక గది. ఎవరు ఎటు నడవాలో, ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఇల్లే చెబుతుంది. హాలు నడిమధ్య నేల మీద మంట. పొగగొట్టం లేదు. పొగ పైకి లేచి, వాసాల మధ్య నిలబడి, కప్పు సందుల్లోంచి నెమ్మదిగా బయటికి పోయేది. అంత ఎత్తున్న హాలు హోదా కోసమే కట్టారనుకోవడం పొరపాటు. హోదా ఉన్నా, మనుషుల తలల మీద పొగకు చోటు కావాలన్నది అంతకన్నా పెద్ద అవసరం.

ఆ పొగ ఇప్పుడు చరిత్రకారులకు దస్తావేజులా పనికొస్తోంది. తర్వాతి కాలంలో హాలుకు అటక వేసి మూసేసినా, దాని పైకి టార్చిలైటుతో ఎక్కి చూస్తే వాసాలు మసితో నిగనిగలాడుతుంటాయి. మసి ఉందంటే కింద ఒకప్పుడు గొట్టం లేని మంట ఉండేదని అర్థం. మసి ఏ వాసం దగ్గర మొదలై ఏ వాసం దగ్గర ఆగిందో చూస్తే హాలు ఎంత పొడవుండేదో తెలుస్తుంది. డెవాన్‌లో కొన్ని ఇళ్ల గడ్డి కప్పుల అడుగు పొర మధ్యయుగాల నాటిదే. పైన ఎన్నిసార్లు కొత్త గడ్డి వేసినా అడుగుది తీయలేదు. మసి పట్టడంతో ఆనాటి గోధుమ గడ్డి, రై అనే ధాన్యం గడ్డి కుళ్లకుండా మిగిలాయి. ఆ రోజుల్లో ఏ పంటలు వేశారో వృక్షశాస్త్రజ్ఞులు ఆ కప్పుల్లోంచే తెలుసుకున్నారు.

కప్పు నిర్మాణం గురించి ఒక్క మాట. తెలుగు పల్లెల్లో పాత పూరిళ్ల నిట్రాట నేరుగా కప్పు వెన్నుదూలాన్ని మోస్తుంది. వీల్డెన్ ఇళ్లలో అడ్డదూలం నడుమ నిలబెట్టే పొట్టి స్తంభం శిఖరం దాకా పోదు. వాసాల జతలను సగం ఎత్తులో కలిపే అడ్డకర్రల కింద ఇంటి పొడవునా ఒక దూలం ఉంటుంది, ఆ స్తంభం దాన్ని మోస్తుంది. శిఖరం దగ్గర వెన్నుదూలమే ఉండదు. హాలులో అందరి కళ్లూ పడే చోటు కాబట్టి ఆ స్తంభాన్ని మాత్రం నగిషీతో చెక్కేవాళ్లు.

ఆల్‌ఫ్రిస్టన్ హాలు నేల కూడా చూడదగ్గదే. సుద్దరాయిని పొడి చేసి, దిమ్మిస కొట్టి, పుల్లబడ్డ పాలతో తడిపి గట్టిపరిచిన నేల అది. చుట్టూ ఉన్న కొండలన్నీ సుద్ద కొండలే. కాళ్ల కింద దొరికింది వాడుకున్నారు.

పదహారో శతాబ్దంలో ఇటుక అందుబాటులోకి వచ్చాక హాళ్ల కథ మారిపోయింది. ఎసెక్స్‌లోని రాడ్‌వింటర్ అనే ఊరి చర్చి గురువు విలియం హారిసన్ 1577లో, తమ చిన్నప్పటితో పోలిస్తే ఎన్ని పొగగొట్టాలు లేచాయో ఊరి పెద్దలు ఆశ్చర్యపోతున్నారని రాశాడు. మంట గొట్టంలోకి పోయాక అంత ఎత్తు హాలు అక్కర్లేదు. అడ్డంగా దూలాలు వేసి పై అంతస్తు కట్టారు, మెట్లు వచ్చాయి, కిటికీలకు గాజు వచ్చింది. ఈ రోజు క్యాలెండర్ బొమ్మల్లో కనిపించే చిన్న కిటికీల, తక్కువ ఎత్తు గదుల, లావుపాటి పొగగొట్టం ఉన్న ఇంగ్లిష్ కాటేజీ రూపం చాలావరకు ఈ మార్పుతో వచ్చిందే. అసలు ఇల్లు దాని లోపల దాగి ఉంది.

స్ట్రాట్‌ఫర్డ్ పక్కన షాటరీలో షేక్‌స్పియర్ భార్య యాన్ హాథవే పుట్టింటిదీ ఇదే కథ. అందులో అన్నిటికన్నా పాత భాగం కలప 1463 నాటిదని వలయాల లెక్క చెబుతోంది. అదీ మొదట పొగగొట్టం లేని హాలే. అయితే దాని చట్రం వేరే రకం. వంపు తిరిగిన పెద్ద దుంగలు రెండు నేల దగ్గర మొదలై శిఖరం దగ్గర కలిసి, కప్పును నేరుగా మోస్తాయి. తరచూ ఒకే చెట్టును నిలువునా చీల్చి ఆ జత తీసేవాళ్లు, రెండు పక్కలా ఒకే వంపు రావడానికి. ఇంగ్లండ్ పడమర, మధ్య, ఉత్తర ప్రాంతాల్లో ఈ రకం వేలల్లో ఉన్నాయి. ఆగ్నేయంలో దాదాపు కనిపించవు. ఎందుకన్నది పండితులు ఎప్పటినుంచో వాదించుకుంటూనే ఉన్నారు.

నలుపు తెలుపు అన్నిచోట్లా పాతది కాదు

తారు నలుపు దూలాలు, మధ్యలో మెరిసే తెల్లటి గడులు. ట్యూడర్ రాజుల కాలపు (1485–1603) ఇల్లు అనగానే గుర్తొచ్చే ఈ రంగులు చాలాచోట్ల పంతొమ్మిదో శతాబ్దంలో విక్టోరియా రాణి కాలపు వాళ్ల అభిరుచి. చెషైర్, ష్రాప్‌షైర్ వైపు ఈ అలవాటు బలంగా పాతుకుపోయింది. ఆగ్నేయంలో, తూర్పు ఆంగ్లియాలో ఓక్‌ను ఊరికే వదిలేస్తే అది వెండి బూడిద రంగుకు తిరుగుతుంది. లేకపోతే కలప, మట్టి అన్న తేడా లేకుండా అన్నిటి మీదా వెల్ల వేసేసేవాళ్లు. సఫోక్‌లోని లావెన్‌హామ్‌లో ఆ బూడిద రంగు ఇంకా బాగా కనిపిస్తుంది. ఓక్ మీద తారు, ప్లాస్టిక్ పెయింటు పూయడం అందం కోసమే గానీ, కలపకు మేలు కోసం కాదు. ఆ పూత వెనక చేరిన తడి బయటికి రాలేక లోపలే ఉండిపోతుంది.

పాత ఓడలను విప్పి ఆ కలపతో ఈ ఇల్లు కట్టారన్న కథ కూడా ఊరూరా వినిపిస్తుంది. దూలంలో ఖాళీగా ఉన్న గాళ్లు చూపించి, ఇదిగో సాక్ష్యం అంటారు. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న ఊళ్లలోనూ ఇదే కథ. ఆ ఖాళీ గాళ్లలో చాలావరకు అదే ఇంట్లో తీసేసిన గోడవి, లేదా విప్పిన మరో ఇంటి నుంచి తెచ్చిన దూలానివి. ఓడ కథ కన్నా ఈ నిజమే ఆసక్తిగా ఉంటుంది. ఒక ఇంటి దూలం ఇంకో ఇంట్లో పనికొచ్చిందంటే, ఆ నిర్మాణ పద్ధతి ఎంత సరళమైనదో అర్థమవుతుంది.

దీనికి పెద్ద ఉదాహరణ బేలీఫ్ అనే రైతు ఇల్లు. కెంట్‌లోని చిడింగ్‌స్టోన్ దగ్గర ఉండేది. 1960ల చివర్లో బౌ బీచ్ జలాశయం కింద ఆ లోయ ముంపుకు వెళ్లాల్సి వచ్చింది. ఇంటిని దుంగ దుంగగా విప్పి, వెస్ట్ ససెక్స్‌లోని సింగిల్‌టన్‌లో ఉన్న వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు. ఈ ఇంటి గురించి ఇంకో సంగతి కూడా ఉంది. హాలు, సామాన్ల గదుల వైపు పదిహేనో శతాబ్దం మొదట్లో కట్టారు. యజమాని గదుల వైపు సుమారు 1510 నాటిది. బయటికి ఒకే ఇల్లులా కనిపించేది రెండు కాలాల పని. కొత్త భాగాన్ని పాతదానికి చేర్చారు. ఇటుక మేడను ఇలా ఎత్తుకెళ్లి పెట్టడం అంత తేలిక కాదు.

సిమెంటు చేసిన చేటు

ఇరవయ్యో శతాబ్దంలో సిమెంటు చవకగా దొరికింది. రాలిన మట్టి గడులను సిమెంటుతో నింపారు, దూలాల పగుళ్లలో సిమెంటు కూరారు, వెల్ల బదులు సిమెంటు పూత పూశారు. చూడటానికి గట్టిపని. కానీ ఓక్ వాతావరణాన్ని బట్టి కదులుతూనే ఉంటుంది, సిమెంటు కదలదు. రెంటి మధ్య వెంట్రుకంత సందు పడుతుంది. వాన నీరు ఆ సందులోంచి లోపలికి పోతుంది. మట్టి, సున్నం అయితే దాన్ని పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేసేవి. సిమెంటు వదలదు. నీరు కింది దూలం మీద, పుల్లల గాడిలో నిలిచిపోతుంది. అయిదు వందల ఏళ్లు నిలిచిన దూలం ఒక తరంలోపే పొడిపొడి కావడానికి ఇది చాలు. తడిసిన ఓక్ అంటే డెత్‌వాచ్ బీటిల్ అనే పురుగుకు మహా ఇష్టం, మిగతా పని అది చూసుకుంటుంది. మంచి ఉద్దేశంతో చేసిన రిపేరే ఇంటికి ఎసరు పెట్టడం చూస్తే బాధ కలుగుతుంది.

దీనికి విరుగుడు పద్ధతి ఎప్పుడో ఉంది. రచయిత, డిజైనర్ విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణకు స్థాపించిన సంఘం మొదటి నుంచీ చెప్పింది ఒకటే: కొత్తదిగా మార్చొద్దు, పాతదాన్ని కాపాడుతూ రిపేరు చేయండి. ఆల్‌ఫ్రిస్టన్ ఇంటిని దక్కించడంలోనూ ఆ సంఘం చెయ్యి ఉంది. స్తంభం అడుగు కుళ్లితే స్తంభమంతా మార్చరు. బరువును జాకీల మీదికి ఎత్తి, కుళ్లిన మేరకు కోసి, మిగిలిన మంచి కలపకు కొత్త ఓక్ ముక్కను ఏటవాలు అతుకుతో చేర్చి చీలలు కొడతారు. కొత్త ముక్క కొత్తదని తెలిసిపోతుంది, దాన్ని దాచే ప్రయత్నం చేయరు. ఆరేళ్లో పదేళ్లో అయ్యాక అదీ బూడిద రంగుకు వస్తుంది.

ఇప్పుడు తేలని సమస్య ఒకటుంది. ఈ ఇళ్ల గోడలు పలచన, చలికాలంలో వేడి నిలవదు, కరెంటు, గ్యాస్ బిల్లులు యజమానులకు పెద్ద టెన్షన్. గోడ లోపల ఫోమ్ పలకలు పెట్టి ప్లాస్టిక్ షీటు కప్పేస్తే గది వెచ్చగా ఉంటుంది, కానీ తేమ మళ్లీ దూలాల దగ్గరే ఆగిపోతుంది. అంటే సిమెంటు చేసిన పనే ఇదీ చేస్తుంది. అందుకే చాలామంది సంరక్షకులు గొర్రె ఉన్ని, కార్క్, చెక్క నార పలకలు, సున్నం కలిపిన జనపనార ముద్ద వైపు మొగ్గుతున్నారు. ఇవి ఫోమ్ అంత వేడిని ఆపలేవు, కానీ తేమను పీల్చి వదులుతాయి. గడుల్లో ఇలాంటి నింపుడు పెట్టి, దూలాల్లో తేమ మీటర్లు అమర్చి, ఏడాది పొడవునా కొలతలు చూస్తున్నారు. పై కప్పులో మందంగా ఉన్ని పరవడం, కిటికీ సందులు పూడ్చడం, లోపల రెండో గాజు బిగించడం లాంటివి గోడను ముట్టకుండానే చేయొచ్చు. ముందు ఇవి చేసి, గోడల జోలికి చివర్లో వెళ్లడమే ఈ ఇళ్లకు సరైన వరస.